సెట్టు కొనేముందు: సేఫ్టీ రేజర్ మీద అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో టవర్‌క్లాక్‌కు నడిచిపోయేంత దూరంలో మాది చిన్న సెలూన్. నాయన వేపచెట్టు కింద పెట్టె పెట్టుకుని మొదలుపెట్టిన పని ఇది. ఈ మధ్య పిల్లోళ్ళు కుర్చీలో కూర్చోగానే ఫోను తీసి ఏదో ఒక రేజర్ బొమ్మ చూపిస్తున్నారు. “అన్నా, ఇది కొనొచ్చునా?” అని. పెద్దవాళ్ళు షేవింగ్ సెట్టు అనేదీ, వీళ్ళు డీఈ (డబుల్ ఎడ్జ్) రేజర్ అనేదీ ఒకటే: రెండు పక్కలా పదునున్న పలుచని బ్లేడు పెట్టుకునే సేఫ్టీ రేజర్. అందరూ ఇంట్లోనే గీసుకుంటే నాకు బేరం పోదా అంటారేమో. కటింగుకు ఎట్లాగూ రావాల్సిందే కదా!

అపోహ: ఖరీదైన సెట్టుతోనే గడ్డం నున్నగా వస్తుంది

గడ్డం కోసేది బ్లేడు. ఆ బ్లేడును కొంచెం వంచి, కదలకుండా పట్టుకుని, చర్మానికి తగలాల్సినంతే తగలనివ్వడం సెట్టు పని. ఈ పలుచని బ్లేడు సెట్టు తెచ్చిన కింగ్ క్యాంప్ జిలెట్‌కు 1904లో పేటెంట్ వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. ఇప్పుడు మన వీధి కొట్లో కొన్న బ్లేడు జర్మనీ సెట్టులోనూ కూర్చుంటుంది, సంతలో కొన్నదాంట్లోనూ కూర్చుంటుంది.

వేల రూపాయలు పెట్టి కొనే జర్మనీ సెట్లు మెర్కూర్ 34సి, మ్యూలే ఆర్ 89 తలలు కూడా జమాక్ అనే జింకు మిశ్రమంతో పోతపోసి, పైన క్రోమ్ పూత వేసినవే. స్టీలు సెట్టు ఎక్కువ కాలం మన్నుతుంది, అది నిజం. గడ్డం అంతకంటే నున్నగా వస్తుందనేది మాత్రం నమ్మకండి. జమాక్‌తో ఒక ఇబ్బంది ఉంది. బాత్రూం గచ్చు మీద పడితే మరచుట్టు దగ్గర పుటుక్కున విరగొచ్చు. పూత లేచిన చోట తెల్లగా పొంగు వస్తుంది.

మరి తేడా ఎక్కడ? చేతిలో ఉంటుంది. 34సి పిడి పొట్టి, బరువెక్కువ. దాని బరువే పని చేస్తుంది కాబట్టి నొక్కడం అలవాటైన వాళ్ళకు మంచిది. ఆర్ 89, ఎడ్విన్ జాగర్ డీఈ 89 తలలు ఒకే అచ్చులాంటివి, పిడి నచ్చినది తీసుకుంటే చాలు. మన దేశంలోనే తయారయ్యే పార్కర్ సెట్లలో పిడి తిప్పితే తల రెండు రెక్కలుగా విచ్చుకునేవి ఉన్నాయి. బ్లేడు మార్చడం సులువు. కానీ మన బోరు నీళ్ళకు ఆ రెక్కల సందుల్లో తెల్ల పొర పేరుకుని బిగుసుకుంటాయి. మా ఊరివాళ్ళకు మూడు ముక్కలుగా విడిపోయే సెట్టే మేలని నా లెక్క. కుళాయి కింద పెట్టి కడిగితే అయిపోయింది. చింతపండుతో తోమేవాళ్ళూ ఉన్నారు. ఇత్తడి చెంబుకు అది బాగుంటుంది గానీ, పూత లేచిన జింకుకు పులుపు తగిలితే ఇంకా తింటుంది.

అపోహ: పళ్ళున్న సెట్టు కోస్తుంది, నున్న అంచుది కోయదు

బ్లేడు కింది పట్టీ కొన్ని సెట్లకు దువ్వెన పళ్ళలా ఉంటుంది, కొన్నింటికి నున్నగా ఉంటుంది. పళ్ళదే కోస్తుందని నేనూ అనుకునేవాణ్ణి. పళ్ళ సెట్టు ఒకటి కొని, వృత్తిలో ఉన్నవాణ్ణి నాకేమవుతుందిలే అని మొదటిరోజే వెంట్రుక వాటానికి ఎదురు గీశాను. గొంతు కింద మూడుచోట్ల తెగింది. ఆ పూట షాపుకొచ్చిన ప్రతివాడూ “ఏమప్పా, నీకెవరు గీశారు?” అన్నవాడే.

కరుకుదనం పళ్ళల్లో లేదు. బ్లేడు అంచుకూ కింది పట్టీకీ మధ్య సందు ఎంత, బ్లేడు ఎంత బయటికి పొడుచుకొచ్చింది అన్నవి చూడాలి. మ్యూలే ఆర్ 41 కరుకని పేరు పడింది ఈ రెంటి వల్లే. పళ్ళ అంచు పని ఇంకొకటి: నాలుగైదు రోజులు పెరిగిన గడ్డాన్ని, నురుగును అడ్డం పడకుండా లోపలికి పోనివ్వడం. రోజూ గీసుకునేవాడికి నున్న అంచు చాలు.

కొన్నిసార్లు సెట్టు తప్పే ఉండదు, బ్లేడు వంకరగా బిగించి ఉంటారు. తలను బోర్లా పట్టుకుని, టోపీని, అంటే బ్లేడు మీద కప్పే ముక్కను, వేళ్ళతో అదిమి, అప్పుడు పిడి తిప్పండి. రెండు పక్కలా బ్లేడు సమంగా కనిపించాలి. ఒక పక్క ఎక్కువ కనిపించిందా, ఆ పక్క కోస్తుంది, రెండో పక్క తెగదు.

అపోహ: గట్టిగా నొక్కితే ఒక్క గీతతో అయిపోతుంది

ప్లాస్టిక్ రేజర్‌తో వచ్చిన అలవాటు ఇది. సెట్టు తలను చెంపకు ఆనించి పిడిని అడ్డంగా పట్టుకోండి. అక్కడి నుంచి పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే ఒకచోట బ్లేడు వెంట్రుకను పట్టుకున్న శబ్దం వస్తుంది. మీ వాలు అదే, సుమారు 30 డిగ్రీలు. మొదటిసారి వెంట్రుక వాటానికి గీయండి. మళ్ళీ నురుగు రాసుకుని అడ్డంగా. ఎదురు గీత మొదటి నెల వద్దు. గొంతు దగ్గర వాటం ఒక్కొక్కరికి ఒక్కో దిక్కున ఉంటుంది. రెండు రోజులు గడ్డం పెంచి వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది.

అపోహ: నురుగు రాలేదంటే సబ్బు మంచిది కాదు

పాపం సబ్బు! ఇక్కడ తిట్టాల్సింది నీళ్ళను. నగరానికి పీఏబీఆర్ జలాశయం నుంచి వచ్చే నీళ్ళతో కలిపిన నురుగు ఒక రకం, బోరు నీళ్ళతో కలిపింది ఇంకో రకం. బోరులో వచ్చే గట్టి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసి పెరుగు విరిగినట్టు చేస్తాయి. నురుగు బుడగలుగా లేచి, బ్లేడు ముఖం మీదికి వచ్చేసరికి ఆరిపోతుంది. అప్పుడు ఏ సెట్టైనా గీరుకుపోతుంది. క్యాను నీళ్ళు ఒక గ్లాసెడు వేడిచేసి బ్రష్షు అందులో ముంచి చూడండి. కడుక్కోవడానికి బోరు నీళ్ళే చాలు. రెండు వేల సెట్టు కొని అమ్మేద్దామనుకున్న ఒక లెక్చరర్ సార్, ఈ గ్లాసు నీళ్ళ తర్వాత మనసు మార్చుకున్నారు.

అపోహ: వెంట్రుక మెత్తనిది, బ్లేడును ఏం చేస్తుంది?

ఉక్కు కంటే వెంట్రుక సుమారు 50 రెట్లు మెత్తన. అయినా బ్లేడు పాడవుతుంది. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ పరిశోధకులు 2020లో సూక్ష్మదర్శిని కింద చూపించిన సంగతి ఇది: వెంట్రుక వంగి పక్కవాటుగా తగిలినప్పుడు అంచు అరగడం కాదు, చిన్న పెచ్చులుగా ఊడుతుంది. గడ్డం బాగా నానితే కోయడం సులువవుతుందని మా నాయనకు ఏ యంత్రమూ చెప్పలేదు, ఊరికే తడిగుడ్డ కప్పి కూర్చోబెట్టేవాడు.

ఆయనే బ్లేడును గాజు గ్లాసు లోపల రుద్ది పదును పెట్టేవాడు. పూత లేని కార్బన్ స్టీలు బ్లేడ్ల కాలం అది. ఇప్పటి బ్లేడు అంచున టెఫ్లాన్ లాంటి పలుచని పూత ఉంటుంది, రుద్దితే ముందు అదే పోతుంది. టవల్‌తో తుడవకండి, విదిలించి ఆరబెట్టండి. నాలుగైదు గడ్డాలయ్యాక పారేయండి. టీ కంటే చవక బ్లేడు దగ్గర లోభం చూపి వేల రూపాయల సెట్టు కొనేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది.

అపోహ: గీస్తే దట్టంగా మొలుస్తుంది

లేదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త కొలిచి తేల్చారు. కొస మొద్దుగా తెగడం వల్ల చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. మీసం రావాలని పిల్లలకు గీయించే తల్లిదండ్రులారా, వయసు వచ్చినప్పుడు వస్తుంది.

అపోహ: ఇంట్లోవాళ్ళమే కదా, ఒకే బ్లేడు వాడుకోవచ్చు

ఈ ఒక్కదానికి నాకు కోపం వస్తుంది. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు. తండ్రీకొడుకులైనా, అన్నదమ్ములైనా బ్లేడు ఎవరిది వాళ్ళదే. పటిక చిన్న గాట్ల రక్తం ఆపుతుంది, వైరస్‌ను చంపదు. లోషన్ మండిందంటే శుభ్రమైందని కాదు. సెలూన్‌కు పోయినా మీ కళ్ళముందే కొత్త బ్లేడు కాగితం విప్పి, రెండుగా విరిచి కత్తిలో పెట్టమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, నన్నైనా సరే. రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్ళు కరుకు సెట్ల జోలికి పోకపోవడమే మంచిది.

వాడిన బ్లేడును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తే చాలనుకుంటారు చాలామంది. మా వీధి ఊడ్చే ఆమె ఒకరోజు బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చి, “ఎవరిదో బ్లేడు సామీ” అంది. ఆరోజు నుంచి ఒక పాత పౌడరు డబ్బా మూతకు చీలిక కోసి అద్దం పక్కన పెట్టుకున్నా. నిండాక మూతకు టేపు చుట్టి, పైన ‘బ్లేడ్లు’ అని రాసి ఆమె చేతికే ఇస్తాను.