వాల్యూమ్ ఒక్కటే చూస్తే సరిపోదు

చెన్నై టీ.నగర్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "ఏ వార్తా లేకపోయినా, లావాదేవీలు పెరిగిన రోజున షేరు ధర అంతలా ఎందుకు ఊగుతుంది?"

వార్త వస్తే రెండూ పెరుగుతాయి, దాన్ని వదిలేద్దాం. అసలు సంగతి ఆర్డర్ బుక్‌లో, అంటే కొనేవాళ్లు, అమ్మేవాళ్లు చెప్పిన ధరల వరసలో ఉంది. ఒక షేరును కొంటామన్నవాళ్లలో పై ధర 99.95 అనుకోండి. అమ్మేవాళ్ల వరస ఇది: 100.05కి 200 షేర్లు, 100.10కి 150, 100.20కి 300. ఎవరో 600 షేర్లు ఏ ధరకు దొరికితే ఆ ధరకు కొనేలా మార్కెట్ ఆర్డర్ కొట్టారు. మొదటి రెండు మెట్లూ ఖాళీ అయ్యాయి, మిగతా 250 షేర్లు 100.20 దగ్గర దొరికాయి. సగటున 100.125 పడింది, తెర మీద 100.20 కనిపించింది. మరుక్షణం ఇంకెవరో పది షేర్లు మార్కెట్ ధరకు అమ్మితే 99.95! కంపెనీలో ఏమీ మారలేదు, ధర పాతిక పైసలు పడింది. అదే 100.05 దగ్గర 5,000 షేర్లు నిలబడి ఉంటే, ఆ 600 కొన్నా ధర కదిలేది కాదు.

అంటే వాల్యూమ్, అదే ఎన్ని షేర్లు చేతులు మారాయన్నది, ఒక్కటే చాలదు. ఎదుటి వరస ఎంత మందంగా ఉంది, దాన్ని ఎన్నిసార్లు కొరికారు అన్నది చూడాలి. జోన్స్, కౌల్, లిప్సన్ అనే పరిశోధకులు 1994లో అమెరికాలోని నాస్‌డాక్ మార్కెట్ షేర్ల మీద తేల్చిందీ ఇదే: ఊగిసలాటతో ముడిపడింది లావాదేవీల సంఖ్య, ఒక్కో లావాదేవీ సైజు దానికి కొత్తగా చేర్చేది దాదాపు ఏమీ లేదు.

లావాదేవీలే ధరను ఊపుతాయనడానికి నాకు మరీ ఇష్టమైన సాక్ష్యం 1968 నాటిది. కాగితాల పని పేరుకుపోయి న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ ఆ ఏడాది రెండో సగంలో చాలా బుధవారాలు మూసేసింది. వార్తలకు మాత్రం సెలవు లేదు. అయినా మంగళవారం ముగింపు నుంచి గురువారం ముగింపు దాకా, రెండు రోజుల ఊగిసలాట రావాల్సిన చోట, ఒక రోజుకు కాస్త మించి మాత్రమే వచ్చిందని ఫ్రెంచ్, రోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో లెక్క కట్టారు.

మంగళవారం మూడింటికి రాహుకాలమని ఆర్డర్ పెట్టనివాళ్లు మన చెన్నైలో ఉన్నారు. ముగింపు ముందు లావాదేవీలు గుమిగూడేదీ ఆ వేళకే కాబట్టి వాళ్ల భయం అప్పుడప్పుడు నిజమైనట్టు కనిపిస్తుంది. రాహువుకు అందులో వాటా లేదు.

ఎక్కువ ముంచేది స్టాప్‌లాస్, అంటే ధర ఫలానా చోటికి (ట్రిగ్గర్) పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్. 99 దగ్గర వందల మంది ట్రిగ్గర్ పెట్టుకుంటే, ఒక అమ్మకం ధరను అక్కడికి తోస్తుంది. అవన్నీ మార్కెట్ ఆర్డర్లైతే ఒక్కసారిగా కొనుగోలు మెట్లను మింగి 98 దగ్గరి ట్రిగ్గర్లను లేపుతాయి. ట్రిగ్గర్ 99, లిమిట్ (అమ్మడానికి మీరు ఒప్పుకునే కనీస ధర) 98.70 అని పెడితే అంతకన్నా తక్కువకు అమ్ముడుపోదు. కానీ ధర 98.70 కిందికి దూకేస్తే షేర్లు మీ దగ్గరే మిగిలిపోతాయి. ఆర్డర్ పెట్టే ముందు ఐదు మెట్ల డెప్త్ (ఏ ధర దగ్గర ఎన్ని షేర్లకు ఆర్డర్లున్నాయో చూపే పట్టిక) తెరిచి, మీ షేర్ల సంఖ్యతో పోల్చి చూడండి.