స్పార్క్ కుదిరాకే ఇంధనం: టర్బో రోటరీ ఇంజిన్ ట్యూనింగ్

మాజ్డా ఆర్‌ఎక్స్-7 మూడో తరం కార్లలోని 13బి-ఆర్‌ఈడబ్ల్యూ ఇంజిన్‌లో పిస్టన్లూ లేవు, వాల్వులూ లేవు. ఉన్నవి 654 సీసీ చొప్పున లెక్కగట్టే రెండు త్రికోణపు రోటర్లు. ఒక్కో రోటర్‌కు మూడు కొనలు, కొనకో అపెక్స్ సీల్, అంటే గదుల మధ్య వాయువు కారకుండా ఆపే పట్టీ. 2 మిల్లీమీటర్ల మందం కూడా దాటని ఆ పట్టీల మీదే ఇంజిన్ ప్రాణం ఆధారపడి ఉంది. పిస్టన్ ఇంజిన్ చిన్నపాటి నాక్‌ను, అంటే మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడాన్ని, కొంతసేపు ఓర్చుకుంటుంది. బూస్ట్‌లో (టర్బో అదనంగా గాలి నెడుతున్నప్పుడు) ఉన్న రోటరీకి గట్టి నాక్ ఒక్కటి తగిలినా సీల్ విరగవచ్చు. విరిగిన ముక్క ఎగ్జాస్ట్ పోర్టులోంచి వెళ్లి టర్బైన్ రెక్కల్నీ పాడుచేస్తుంది. అందుకే ఇక్కడ ట్యూనింగ్‌లో ఏ పని తర్వాత ఏ పని అన్నది చాలా ముఖ్యం.

ట్యూనింగ్ కోసం ల్యాప్‌టాప్ తెరిచే ముందు కంప్రెషన్ (గదిలో గాలి నొక్కుకునే పీడనం) చూడాలి. మామూలు గేజ్ ఒక రోటర్‌లోని మూడు గదుల్లో అన్నిటికంటే ఎక్కువ ఉన్న అంకెను మాత్రమే చూపిస్తుంది, కాబట్టి ఒక సీల్ పోయినా తెలియదు. మూడు గదులనూ విడివిడిగా చదివే రోటరీ టెస్టర్ వాడి, రీడింగులను 250 ఆర్‌పీఎమ్‌కు సరిచేసి పోల్చాలి. మూడింట్లో ఒకటి తక్కువగా ఉంటే ఆ ఇంజిన్‌పై బూస్ట్ పెంచే ఆలోచన మానుకోవడమే మంచిది.

తర్వాత స్పార్క్. చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఇంధనం మ్యాప్‌లోకి (ఏ ఆర్‌పీఎమ్, ఏ లోడ్ దగ్గర ఎంత పెట్రోలో చెప్పే పట్టికలోకి) వెళ్తారు, అక్కడే దారి తప్పుతారు. మిశ్రమం ఎంత చిక్కనో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కొలిచేది ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ని, పెట్రోలును కాదు. మిశ్రమం బాగా చిక్కగా ఉండి, స్పార్క్ బలం చాలక మంట అంటుకోకపోతే, కాలని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. సెన్సర్ దాన్ని పలచటి మిశ్రమంగా చూపిస్తుంది. అది నమ్మి ఇంకా పెట్రోలు పోస్తే మిస్‌ఫైర్ మరింత పెరుగుతుంది. ఇంజిన్ తడబడుతూ, ఇంధనం పెంచేకొద్దీ రీడింగ్ పలచబడుతుంటే తప్పు స్పార్క్‌దే.

స్పార్క్ ఎందుకు బలహీనపడుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక్కో రోటర్‌కు కింద లీడింగ్, పైన ట్రెయిలింగ్ అని రెండు ప్లగ్‌లు. ఎక్సెంట్రిక్ షాఫ్ట్ (రోటర్లు తిప్పే ప్రధాన ఇరుసు) ఒక చుట్టు తిరిగితే ప్రతి రోటర్‌కూ ఒక మంట. కంపెనీ అమరికలో రెండు రోటర్ల లీడింగ్ ప్లగ్‌లనూ ఒకే కాయిల్ ఒకేసారి వెలిగిస్తుంది. 8000 ఆర్‌పీఎమ్ దగ్గర అది నిమిషానికి 16,000 సార్లు పనిచేయాలి, అంటే ఒక స్పార్క్‌కూ మరో స్పార్క్‌కూ మధ్య 3.75 మిల్లీసెకన్లే. అందులోనే కాయిల్ చార్జ్ కావాలి, స్పార్క్ కొట్టాలి. ప్రతి ప్లగ్‌కు విడి కాయిల్ పెడితే ఆ వ్యవధి రెట్టింపవుతుంది. పెద్ద టర్బో పెట్టిన కారులో నా దృష్టిలో ఇది మొదటి ఖర్చు. ప్లగ్‌ల విషయానికొస్తే, ఎన్‌జీకే అంకెల్లో పెద్దది అంటే చల్లటి ప్లగ్. కంపెనీ లీడింగ్‌కు 7, ట్రెయిలింగ్‌కు 9 ఇచ్చింది. బూస్ట్ పెంచిన ఇంజిన్లలో నాలుగూ 9 వాడడం మామూలే, ఇంకా ఎక్కువ బూస్ట్‌కు 10 లేదా అంతకంటే చల్లటివి పడతాయి.

ఇప్పుడు ఇంజెక్టర్లు. కంపెనీ ప్రైమరీలు (ఎప్పుడూ పనిచేసేవి) నిమిషానికి 550 సీసీ, సెకండరీలు (లోడ్ పెరిగాక తెరుచుకునేవి) 850 సీసీ, ఒక్కోటి రెండేసి చొప్పున. మొత్తం 2,800 సీసీ. 85 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం వంతు) దాటకూడదనుకుంటే చేతిలో ఉండేది 2,380. టర్బో రోటరీ ఒక హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు 0.62 పౌండ్ల పెట్రోలు తాగుతుంది, నిమిషానికి సుమారు 6.5 సీసీ. ఆ లెక్కన 365 హార్స్‌పవర్ దగ్గరే ఇంజెక్టర్లు చేతులెత్తేస్తాయి. అందుకే 400 దాటాలనుకునేవారు 850లను ప్రైమరీకి మార్చి, సెకండరీలో 1,600 సీసీవి పెడతారు. ఇంధన పీడనం బూస్ట్‌తో సమానంగా పెరగాలి కాబట్టి, 3 బార్ మూల పీడనం 1.2 బార్ బూస్ట్‌లో 4.2 అవుతుంది. పంపు కొనేటప్పుడు చూడాల్సింది ఆ 4.2 దగ్గర అది ఎంత పోస్తుందనేదే.

సెకండరీలు తెరుచుకునే క్షణం అసలైన గండం. అవి పోర్టుకు దూరంగా ఉంటాయి. మొదట వచ్చిన పెట్రోలులో కొంత గోడలకే అంటుకుంటుంది, పెద్ద ఇంజెక్టర్ డెడ్ టైమ్ (కరెంటు అందాక తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) తప్పుగా ఇస్తే మరికొంత తగ్గుతుంది. ఫలితంగా సరిగ్గా బూస్ట్ అందుకుంటున్నప్పుడే మిశ్రమం ఒక్కసారి పలచబడుతుంది. లాగ్‌లో ఈ గుంటను వెతికి, డెడ్ టైమ్ సరిచేసి, మారే చోటును ఇంకా తక్కువ లోడ్‌లోకి జరపాలి. చుట్టుపక్కల గడుల్లో ఊరికే పెట్రోలు పోయడం పరిష్కారం కాదు. ఫుల్ బూస్ట్‌లో ఏఎఫ్‌ఆర్ (గాలి, పెట్రోలు నిష్పత్తి) 10.8 దగ్గర మొదలుపెట్టి, అంతా స్థిరపడ్డాక 11.0 నుంచి 11.5 మధ్యకు తేవచ్చు. వైడ్‌బ్యాండ్‌ను టర్బో దాటాక కొంత దూరంలో పెట్టకపోతే రోటరీ ఎగ్జాస్ట్ వేడికి త్వరగా చస్తుంది.

ఇగ్నిషన్ ముట్టుకునే ముందు టైమింగ్ లైట్‌తో పుల్లీ గుర్తులు చూడాలి. ఐడిల్‌లో లీడింగ్ టీడీసీ (గది అతి చిన్నదయ్యే స్థానం) తర్వాత 5 డిగ్రీలు, ట్రెయిలింగ్ 20 డిగ్రీలు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చెప్పే అంకె, లైట్ చూపే అంకె ఒకటి కాకపోతే మ్యాప్‌లోని ప్రతి గడీ అబద్ధమే. రోటరీ దహన గది పొడవుగా, పలచగా ఉంటుంది. లీడింగ్ మంట ముందుకు బాగా పాకుతుంది, వెనక్కి సరిగా రాదు. ఆ వెనక భాగాన్ని అందుకోవడానికే ట్రెయిలింగ్ ప్లగ్. అయితే బూస్ట్‌లో అది తొందరపడితే పీడనం ఒక్కసారిగా ఎగబాకి నాక్ పుడుతుంది. తేలికపాటి క్రూయిజ్‌లో రెండిటి మధ్య తేడాను తగ్గించుకోవచ్చు, బూస్ట్‌లో మాత్రం 10 నుంచి 15 డిగ్రీలు ఉంచాలి.

1 బార్ దగ్గర పంపు పెట్రోలుతో లీడింగ్‌ను టీడీసీకి ముందు 10 డిగ్రీల వద్ద మొదలుపెట్టి, డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద ఒక్కో డిగ్రీ పెంచాలి. టార్క్ పెరగడం మందగించగానే అక్కడే ఆగి, ఒక డిగ్రీ వెనక్కి రావాలి. అలాగని మరీ వెనక్కి లాగినా ముప్పే: మంట ఎగ్జాస్ట్‌లోకి జారి, ఈజీటీ (ఎగ్జాస్ట్ వాయువు ఉష్ణోగ్రత) 950 సెల్సియస్ దాటి టర్బైన్‌ను కాలుస్తుంది. ఇంటేక్ గాలి 50 డిగ్రీలు దాటితే టైమింగ్ దానంతటదే తగ్గేలా కరెక్షన్ పట్టిక నింపాలి.

చివరిగా బూస్ట్. ఫ్రీ-ఫ్లో ఎగ్జాస్ట్ పెడితే కంపెనీ టర్బోల చిన్న వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ను టర్బైన్ పక్కనుంచి మళ్లించే తలుపు) చాలక, బూస్ట్ ఆర్‌పీఎమ్‌తో పాటు తనంతట తానే పైకి పాకుతుంది. దీన్ని ఈసీయూ ఆపలేదు, వేస్ట్‌గేట్ పోర్టును పెద్దది చేయించాల్సిందే. లక్ష్యానికి 0.2 బార్ పైన ఓవర్‌బూస్ట్ కట్ పెట్టాలి. ఆ కట్ ఇంధనాన్ని రెండు రోటర్లకూ పూర్తిగా ఆపేయాలి తప్ప కొద్దిగా తగ్గించేదిగా ఉండకూడదు, ఎందుకంటే బూస్ట్‌లో సగం పెట్రోలుతో జరిగే ఒక్క దహనం చాలు సీల్‌ను విరిచేయడానికి.