గొడవంతా క్లిప్పు దగ్గరే

సినిమా క్లిప్పులు చూపిస్తూ ఎగతాళి చేసే రోస్ట్ వీడియో మీద యూట్యూబ్‌లో స్ట్రైక్, అంటే కాపీరైట్ ఫిర్యాదు దెబ్బ, పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ రెండు పక్షాలూ పాత డైలాగులే అందుకుంటాయి. నిర్మాతల వైపు నుంచి 24 క్రాఫ్ట్స్ కష్టం, ఛానెళ్ల వైపు నుంచి భావ ప్రకటన స్వేచ్ఛ. మళ్లీ అదే మొదలైంది కాబట్టి వెనక కథ రాయమని సాయంత్రం ఆరింటికి ఫోన్ వచ్చింది. ట్రోల్ పేజీలు ఎలా పుట్టాయి, బ్రహ్మానందం ముఖం మీమ్‌లకు రాజముద్ర ఎలా అయింది లాంటివి చదివేవాళ్లకు నాకంటే బాగా తెలుసు. అవి వదిలేస్తున్నాను. తగువు ఎక్కడ ముదిరిందో వెతుక్కుంటూ వెళితే మాత్రం నాకు ప్రతిసారీ క్లిప్పు దగ్గరే తేలింది.

మా ఊరి హాల్లో నేల టికెట్టు పోయి బెంచీలు వచ్చిన రోజుల్లో సెకండ్ షోకి ఒకాయన వచ్చేవాడు. పగలు సైకిల్ షాపు. తెర మీద హీరో మేడ మీంచి దూకి సరిగ్గా గుర్రం మీద పడగానే హాలంతా ఈలలు. ఆ ఈలలు సద్దుమణిగే దాకా ఆగి, నింపాదిగా, "చెప్పులు పైనే మర్చిపోయావన్నా" అనేవాడు. మళ్లీ హాలంతా ఘొల్లుమనేది. మర్నాడు అదే సినిమాకు రెండోసారి వెళ్లినవాళ్లలో సగం మంది ఆయన కోసం వెళ్లినవాళ్లే. ఆ సినిమా నిర్మాతకు ఆయన వల్ల టికెట్లు తెగాయా, పోయాయా? లెక్క ఎవరూ వేయలేదు.

జరుక్ శాస్త్రి పేరడీలు చదివి పెరిగిన భాష మనది. వెక్కిరింపు మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ చాలాకాలం మన వెక్కిరింపు వేషం కట్టి చేసేది. 2012 ఆగస్టులో వచ్చిన సుడిగాడు అదే పని చేసింది. తమిళ పడం అనే 2010 నాటి సినిమాకు రీమేక్ అది. హిట్టు సినిమాల సీన్లన్నీ వరసగా మళ్లీ ఆడి నవ్వించింది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన జబర్దస్త్‌లో స్పూఫులూ అంతే: విగ్గు, అట్ట కత్తి, వెనక మ్యూజిక్ బిట్టు. 2014లో హృదయ కాలేయంతో సంపూర్ణేష్ బాబు ఇంకో మెట్టెక్కి, చెత్త సినిమా హీరో వేషం తానే కట్టాడు. వీటిలో దేనిలోనూ అసలు సినిమా ఫ్రేము ఒక్కటీ ఎత్తుకొచ్చి చూపించలేదు. హీరోల అభిమానులు అలిగి ఉండొచ్చు గానీ కాపీరైట్ నోటీసుకు అక్కడ పెద్దగా చోటు లేదు.

అసలు సినిమానే నడిపిస్తూ దాని మీద మాట్లాడే పద్ధతి వేరే చోట రూపం దిద్దుకుంది. అమెరికాలోని మినియాపోలిస్‌లో కేటీఎంఏ అనే చిన్న స్థానిక టీవీ స్టేషన్. 1988 నవంబరు 24న, అక్కడి వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ రోజున, జోయెల్ హాడ్జ్‌సన్ అనే కమెడియన్ మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 అనే షో మొదలుపెట్టాడు. కథ చాలా పలచన. అంతరిక్షంలో ఒక మనిషిని బంధించి, వాడికి బలవంతంగా చెత్త సినిమాలు చూపిస్తుంటారు. తోడు కోసం వాడు బొమ్మ రోబోలను చేసుకుంటాడు, వాటిలో రెండు పక్కన కూర్చుని సినిమా చూస్తాయి. ఒక రోబో తలకాయ చూయింగ్ గమ్ గోళీలు అమ్మే గాజు బుడ్డి. ఇంకోదాని మూతి ప్లాస్టిక్ బౌలింగ్ పిన్నును నిలువునా చీల్చి చేసింది.

తెర కింది భాగంలో ఆ ముగ్గురి నీడలు, కుర్చీల వరస కనిపిస్తాయి. సినిమా నడుస్తూ ఉంటుంది, వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు. ఆ నీడల్లోనే ఉంది కిటుకంతా. ఇంట్లో సోఫాలో ఒంటరిగా కూర్చున్నవాడికి కూడా తాను వాళ్ల వెనక వరసలో ఉన్నానని అనిపిస్తుంది. చెత్త సినిమా ఒక్కడివే చూస్తే శిక్ష. పక్కన మా సైకిల్ షాపాయన లాంటివాడు ఉంటే విందు. టీవీలో ఆ పక్క సీటును భర్తీ చేసిన మొదటి షో ఇది కాకపోవచ్చు గానీ, అంత బాగా చేసింది మాత్రం ఇదే.

ఈ షో గురించి మాట్లాడేటప్పుడు ఒక సినిమా పేరు తీయక తప్పదు. మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్. టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసోలో ఎరువులు అమ్ముకునే హెరాల్డ్ వారెన్ అనే ఆయన, సినిమా తీయడం ఏమంత కష్టమని పందెం కాసి, సుమారు 19 వేల డాలర్లతో 1966లో తీశాడు. కీ ఇచ్చి తిప్పే 16 ఎంఎం కెమెరా. ఒక విడతకు 32 సెకన్లకు మించి షూట్ చేయలేదు. సెట్లో ధ్వని రికార్డు చేయలేదు. తర్వాత నలుగురైదుగురు కూర్చుని అన్ని పాత్రలకూ డబ్బింగ్ చెప్పేశారు. రాత్రి సీన్లలో లైట్ల చుట్టూ పురుగులు ముసురుతూ కనిపిస్తాయి. ఒకచోట క్లాప్ బోర్డు కూడా ఫ్రేములో దొరికిపోతుంది. మొదట్లో కారు పొలాల మధ్య వెళుతూనే ఉంటుంది, వెళుతూనే ఉంటుంది, ఏమీ జరగదు.

ఆ ఏమీ జరగకపోవడమే వెక్కిరించేవాడికి పెట్టుబడి. బాగా తీసిన సినిమాలో ఖాళీ ఉండదు, మాట దూర్చడానికి సందు దొరకదు. చెత్త సినిమా నిండా సందులే. మన దగ్గర హీరో స్లో మోషన్‌లో కారు దిగి, కళ్లజోడు సర్దుకుని, పది అడుగులు వేయడానికి నిమిషంన్నర తీసుకుంటాడే, రోస్ట్ చేసేవాడి పంట పండేది అక్కడే.

మానోస్ ఎపిసోడ్ 1993 జనవరి 30న ప్రసారమైంది. అప్పటిదాకా ఎల్ పాసో దాటి ఆ సినిమా పేరు విన్నవాళ్లు బహు తక్కువ. తర్వాత అది ఎంత పేరు మోసిందంటే, 2011లో దాని అసలు 16 ఎంఎం ప్రింటు సినిమా కోర్సు చదివిన ఒకాయన చేతికి దొరికితే, దాన్ని శుభ్రం చేయడానికి జనం చందాలిచ్చారు. 2015లో బ్లూ రేగా వచ్చింది. వారెన్ 1985లోనే పోయాడు, ఇవేవీ చూడలేదు. వెక్కిరిస్తే సినిమా చచ్చిపోతుందని అనేవాళ్లకు నేను చెప్పే జవాబు మానోసే. ఆ ఎపిసోడ్ రాకపోతే ఆ ప్రింటును చెత్తబుట్టలోంచి తీసేవాడు కూడా ఉండేవాడు కాదు.

ఈ షో గురించి ముఖ్యమైన పాయింటు ఇంకోటుంది, మన తగువుకు పనికొచ్చేది అదే. వాళ్లు సినిమాలను దొంగతనంగా వాడలేదు. పాత సినిమాల హక్కులు డబ్బు కట్టి తెచ్చుకున్నారు. టీవీలో వేసుకోవడానికి ఆ లైసెన్సులు సరిపోయాయి. చిత్రం ఏమిటంటే, ఎపిసోడ్ చివరి టైటిల్స్‌లో మాత్రం టేపులు చేతులు మారుస్తూ ఉండండని అభిమానులకు వాళ్లే చెప్పేవారు. కాపీ చేసుకోమని నిర్మాతే పిలుపునివ్వడం ఆ రోజుల్లో అరుదు. కానీ షో 1999లో ఆగిపోయి, డీవీడీలు వేసుకోవాల్సి వచ్చేసరికి కథ మారింది. ఒక్కో సినిమాకూ మళ్లీ హక్కులు తెచ్చుకోవాలి. కొందరు ఇచ్చారు, కొందరు ససేమిరా అన్నారు. జపాన్ తాబేలు రాకాసి గమేరా సినిమాల మీద చేసిన ఐదు ఎపిసోడ్లు 2011 దాకా డిస్కు మీదకు రాలేదు. 2006లో గాడ్జిల్లా సినిమా ఒకటి ఉన్న డీవీడీ సెట్టును, హక్కులు తేలలేదని అంగళ్లలోంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

నా దృష్టిలో మలుపు అదే 2006లో వచ్చింది. షో పాత సభ్యుడు మైక్ నెల్సన్ రిఫ్‌ట్రాక్స్ అని కొత్త దుకాణం తెరిచాడు. ఇందులో సినిమా ఉండదు, వెక్కిరింపు ఒక్కటే ఉంటుంది, ఎంపీ3 ఫైలుగా. నువ్వే డీవీడీ కొనుక్కో, నువ్వే టీవీలో పెట్టుకో, మా గొంతు పక్కన కంప్యూటర్లో నడిపించు. రెండూ ఒకే వరసలో సాగుతున్నాయో లేదో తెలియడానికి మధ్యమధ్యలో ఒక రోబో గొంతు సినిమాలోని డైలాగును తిరిగి అప్పజెబుతుంది. అది తెర మీది మాటతో కలిస్తే సరే, లేకపోతే పాజ్ నొక్కి సర్దుకోవాలి. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, ఎందుకంటే ఎవరి ఫ్రేమూ వాడలేదు. పైగా నిర్మాతకు డీవీడీ ఒకటి అమ్ముడవుతుంది. బొమ్మ మీది, మాట మాది అని ఇంత శుభ్రంగా గీత గీసినవాళ్లు నాకు ఇంకెవరూ కనబడలేదు.

అదే ఏడాది గూగుల్ యూట్యూబ్‌ను కొంది. గీత చెరిగిపోయింది. ఇప్పుడు బొమ్మా మాటా ఒకే వీడియోలో, పది నిమిషాల్లో, ఉచితంగా. సినిమా పూర్తిగా చూసే ఓపిక ఎవరికీ అక్కర్లేదు. పల్నాటి బ్రహ్మనాయుడు 2003 నాటి సినిమా. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చూసినవాళ్లకంటే, బాలకృష్ణ తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లే ఒక్క ముక్క చూసినవాళ్లు ఎన్నో రెట్లు ఉంటారు. అందులో తెలుగు రానివాళ్లు కూడా బోలెడు మంది.

చట్టం ఏమంటోంది అంటే, 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 విమర్శకో సమీక్షకో న్యాయంగా వాడుకోవడానికి వీలిస్తుంది. పేరడీ అనే మాట అందులో లేదు. ఎంత వాడితే న్యాయమన్న కొలతా లేదు. ఒక నాటకానికి ప్రతిగా రాసిన నాటకం కేసులో కేరళ హైకోర్టు 1996లో విమర్శకారుడి వైపే మొగ్గింది. అమెరికాలో 2017లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ముందుకు సరిగ్గా రోస్ట్ వీడియోనే వచ్చింది. అయిదు నిమిషాల 24 సెకన్ల అసలు వీడియోలో మూడు నిమిషాల 15 సెకన్లు వాడుకుని ఎగతాళి చేసినా, అది విమర్శే, ఉల్లంఘన కాదని కోర్టు తేల్చింది.

మన దగ్గర ఇంతదాకా కోర్టుకు వెళ్లే ఓపిక, డబ్బు ఏ రోస్ట్ ఛానెల్‌కున్నాయి? యూట్యూబ్ నియమం ప్రకారం 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెలే ఎగిరిపోతుంది. వార్తా ఏజెన్సీ క్లిప్పులు వాడినందుకు పడిన స్ట్రైకులు ఎత్తేయాలంటే లక్షల్లో ఫీజు అడుగుతున్నారని కొందరు యూట్యూబర్లు 2025 మేలో బయటపెట్టారు. అది వార్తల సంగతే కావచ్చు, తీరు మాత్రం సినిమావాళ్లకూ కొత్త కాదు.

తెలుగులో ఈ తగువు ఇప్పటి రంగు పులుముకున్నది 2024 జులైలో. ఒక పసిపాప వీడియో మీద ఒక యూట్యూబర్ చేసిన నీచమైన వ్యాఖ్యలకు తెలంగాణ పోలీసులు కేసు పెట్టి అరెస్టు చేశారు. చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆ వేడిలోనే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ (మా) అధ్యక్షుడు మంచు విష్ణు, నటీనటుల మీద, వాళ్ల కుటుంబాల మీద అసభ్యంగా మాట్లాడే వీడియోలు తీసేయాలని గడువు పెట్టారు. కొద్ది రోజుల్లో ఐదు ఛానెళ్లు మూయించామని అసోసియేషన్ ప్రకటించింది. అమ్మా అక్కా బూతులు తిట్టేవాళ్లను మూయించారంటే నాకూ అభ్యంతరం లేదు. పేచీ ఎక్కడంటే, ఆ వారం తర్వాత పసిపాపను అన్నవాడూ, హీరోయిన్ శరీరం గురించి వాగినవాడూ, ‘ఈ ఫైటులో గాలి ఎటు నుంచి వీస్తోందిరా’ అన్నవాడూ అందరూ ట్రోలర్లే అయిపోయారు. ఒకే సంచిలో వేసి మూతి కట్టేశారు.

నిర్మాతల మాట కూడా చెప్పాలి. సినిమా జీవితమంతా ఇప్పుడు మొదటి మూడు రోజుల్లోనే. ఆ మూడు రోజుల్లో పోతే మళ్లీ తిరిగి రాదు. థియేటర్లో ఫోన్‌తో తీసిన క్లిప్పు వీడియోలో పెడితే అది పైరసీయే. ఇది నిజం. తమిళ నిర్మాతలు ఈ వాదనతోనే మొదటి మూడు రోజులు రివ్యూలు ఆపమని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. 2024 డిసెంబరులో కోర్టు అలాంటి ఉత్తర్వు ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

కానీ మొదటి మూడు రోజుల వాదన రివ్యూలకు అతుకుతుందేమో గానీ, రోస్టుకు సరిగా అతకదు. రోస్ట్ చేసేవాడికి శుభ్రమైన క్లిప్పు కావాలి, అది దొరికేది ఓటీటీకి వచ్చాకే. అసలైన రోస్ట్ వీడియోలు వచ్చేది థియేటర్ల నుంచి సినిమా దిగిపోయాకే. ఓటీటీలో చూసి, రాసుకుని, ఎక్కడ ఆపాలో ఎక్కడ నడపాలో సెకన్ల లెక్కన కోసి అతికించడానికి ఇంకొన్ని రోజులు. అప్పటికి పోయే కలెక్షన్లు ఏమున్నాయి? ఉన్నదల్లా పరువు. పరువు నష్టానికి చట్టం వేరే ఉంది, దానికి కోర్టు మెట్లెక్కి రుజువు చూపించాలి. స్ట్రైకు కొట్టడానికి ఆ శ్రమ లేదు, ఫారం ఒకటి నింపితే చాలు.

ఇప్పుడు స్ట్రైకు పడిన ఛానెల్ ఏదైనా ఎదురు తిరగాలంటే చేయగలిగింది, వీడియో మళ్లీ పెట్టమని అడిగే కౌంటర్ నోటిఫికేషన్ పంపడమే. అది వెళ్లాక, కోర్టుకెళ్లానని రుజువు చూపడానికి అవతలివాళ్లకు పది పనిదినాల గడువు ఉంటుంది. ఆ లోపు వీడియో కనిపించదు. పది పనిదినాలంటే రెండు శుక్రవారాలు.