గ్యాస్ మాత్ర వేసుకున్నా కదా, ఇంకేమవుద్ది?

నెల్లూరు పొగతోటలో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడే ఫార్మసిస్ట్‌ని నేను. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి చీటీ పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువే, అయినా చీటీ లేకుండా "నొప్పుల మాత్రలు ఒక షీటు ఇవ్వబ్బయ్యా" అని వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లను "ఇంకేం మాత్రలు వాడుతున్నారు?" అని అడిగానంటే చాలు, సగం మందికి కోపం. మోకాలు నొప్పికి మాత్ర అడిగితే నా బీపీ సంగతి నీకెందుకు అంటారు. ఎందుకో ఇక్కడ చెప్తా, కౌంటర్ దగ్గర అంత టైం దొరకదు.

అపోహ: గ్యాస్ మాత్ర వేసుకుంటే నొప్పి మాత్ర ఏమీ చేయదు.

రోజూ వినే మాట ఇదే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ అన్నీ ఒకే కుటుంబం. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు కాకుండా అడ్డుకుని నొప్పి, వాపు తగ్గిస్తాయి. చిక్కేమిటంటే పొట్ట లోపలి పొరను కాపాడేవీ అవే, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. గ్యాస్ మాత్ర పొట్టకు కొంత కాపలా కాస్తుంది, నిజమే. కిడ్నీకి మాత్రం దానివల్ల వచ్చే రక్షణ ఏమీ లేదు. పొట్టలో మంట లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటాం, కానీ కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు నొప్పి పుట్టదు, మంట పుట్టదు.

ఆ మధ్య ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు అవి, కీళ్లు పట్టేసి వంగలేని వాళ్లను చూస్తే నొప్పి మాత్ర మానండి అని చెప్పడానికి నాకే నోరు రాదు. ఈయన నెలల తరబడి రోజుకు రెండు డైక్లోఫెనాక్ మింగుతున్నాడు. పాదాలు వాచాయి, బీపీ దిగడం లేదని డాక్టర్లు బీపీ మాత్ర డోసు పెంచుకుంటూ పోతున్నారు. "నొప్పి మాత్ర సంగతి డాక్టరుకు చెప్పావా పెద్దాయనా?" అంటే, "అది మందా అబ్బయ్యా, ఒళ్లు నొప్పులకు వేసుకునేది గదా" అన్నాడు. జేబులోంచి బీపీ షీటు తీస్తే టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర.

ఈ మూడూ కలిస్తేనే నాకు భయం. థయాజైడ్ ఒంట్లో నీళ్లూ ఉప్పూ మూత్రంలో పంపేస్తుంది, టెల్మిసార్టన్ కిడ్నీ వడపోత దగ్గర ఒత్తిడి తగ్గిస్తుంది, నొప్పి మాత్ర వచ్చి అక్కడికి చేరే రక్తాన్నే తగ్గిస్తుంది. పైగా ఒంట్లో ఉప్పును నిలబెట్టి బీపీని తనే పెంచుతుంది. రోహిణి కార్తె ఎండల్లో చెమటోడ్చి పనిచేసేవాళ్లకు, విరేచనాలు పట్టుకున్నవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. పెద్దాయనను వెనక్కి డాక్టరు దగ్గరికే పంపాను, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో ఎక్కువగానే వచ్చింది. నొప్పి మాత్ర ఆపాక కొంత దిగిందట, పూర్తిగా కాదు.

అపోహ: సూది వేయించుకుంటే పొట్టకు ఇబ్బంది లేదు.

మందు ఎక్కువగా రక్తంలోకి వెళ్లాకే పొట్ట పొరను దెబ్బతీసేది. ఏ దారిన వెళ్లినా అంతే.

అపోహ: గుండె మాత్ర ఆస్పిరినే కాబట్టి పైన ఒక ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఏం కాదు.

ఇది కొంచెం ఓపికగా చదవండి. స్టెంట్ వేయించుకున్నవాళ్లకు ఇచ్చే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, రక్తంలోని ప్లేట్‌లెట్ల మీద ఒక సీటు పట్టుకుని వాటి ఆయుష్షు తీరేదాకా లేవదు, అందుకే రక్తం సులువుగా గడ్డకట్టదు. ముందే ఐబుప్రొఫెన్ వేసుకున్నారనుకోండి, బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసినట్టు ఆ సీటు అది పట్టేస్తుంది. ఆస్పిరిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండదు, సీటు లేక వెళ్లిపోతుంది. కొన్ని గంటలకు ఐబుప్రొఫెన్ కూడా దిగిపోతుంది, సీటు ఖాళీ. మీరేమో గుండె మాత్ర మింగామనే ధైర్యంతో ఉంటారు. ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాతో, దానికి 8 గంటల ముందో ఐబుప్రొఫెన్ వేసుకోవాలని 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది, కానీ అది మాత్ర మీద కోటింగ్ లేని ఆస్పిరిన్ లెక్క. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది కోటింగ్ ఉన్నది. కాబట్టి గడియారం చూసుకోవడం కంటే డాక్టరును అడగడమే మేలు. ఆ రెండూ కలిస్తే పొట్టలో రక్తస్రావం ముప్పు పెరగడం ఎటూ ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లయితే నన్ను షీటు అడగొద్దు, ఇవ్వను. డిప్రెషన్ మాత్రల్లో కొన్నిటితోనూ రక్తస్రావం ముప్పుంది, మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఆ మందులే ఒంట్లో పేరుకుపోవచ్చు.

అపోహ: పేరు వేరైతే మందు వేరు.

కాంబిఫ్లామ్‌లో 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటాయి. అది వేసుకుని తగ్గలేదని ఇంకో షాపులో ఎసిక్లోఫెనాక్ కొని, జ్వరం కూడా ఉందని డోలో 650 (అదీ పారాసెటమాలే) కలిపే మహానుభావులున్నారు. రెండు నొప్పి మాత్రలు కలిపితే నొప్పి రెట్టింపు తగ్గదు, ముప్పే పెరుగుతుంది. షీటు వెనక చిన్న అక్షరాలు చదవండి, కళ్లజోడు లేకపోతే మనవడితో చదివించండి. కాగితంలో చుట్టి ఇచ్చే విడి మాత్రల "సెట్టు" అయితే చదవడానికి కూడా ఏమీ ఉండదు, అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటే మొహం ఉబ్బాకగాని తెలియదు.

పారాసెటమాల్ ఈ కుటుంబం కాదు. పొట్టకూ కిడ్నీకీ వీటికంటే మేలు, అయితే పెద్దవాళ్లకు కూడా రోజుకు 4 గ్రాములు దాటితే లివర్‌కు ప్రమాదం, రోజూ మద్యం తాగేవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి అదొక్కటే, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. గర్భిణులు, ముఖ్యంగా 20 వారాలు దాటినవాళ్లు, డాక్టరు చెప్పనిదే ఈ నొప్పి మాత్రలు ముట్టొద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే నిషేధించారు, అయినా ఇప్పటికీ "పాపకు జ్వరం, సగం ముక్క ఇస్తా" అనేవాళ్లు వస్తూనే ఉన్నారు.

డైక్లోఫెనాక్ కిడ్నీని ఏం చేయగలదో మనకంటే ముందు రాబందులు చూశాయి. ఆ మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని కిడ్నీలు పోయి గుంపులు గుంపులుగా చచ్చిపోతే, 2006లో పశువులకు దాన్ని ఆపేశారు. మనిషి రాబందు కాదు, అంత సులువుగా పోడు. అయినా నాకు గుర్తొస్తూ ఉంటుంది.

మోకాలి నొప్పికి ముందు పైపూత జెల్ వాడి చూడండి, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. మాత్ర తప్పదంటే అన్నం తిన్నాక, తక్కువ డోసు, తక్కువ రోజులు. మలం తారులాగా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా మా షాపుకు రావద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, వేసుకున్న షీట్లన్నీ సంచిలో వేసుకుని.