ఫిజియాలజీ పీహెచ్‌డీ కోసం ముందు అప్పు చేసి ఎమ్మెస్ చదవాలా?

అమెరికాలో ఒక యూనివర్సిటీ ఫిజియాలజీ (శరీరం ఎలా పనిచేస్తుందో చదివే శాస్త్రం) డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను. అప్లికేషన్ల సీజన్ మొదలైతే చాలు, హైదరాబాద్ నుంచీ గుంటూరు నుంచీ ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న.

అపోహ: ఎమ్మెస్ చేస్తేనే పీహెచ్‌డీ సీటొస్తుంది.

కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ పుకారు చావడం లేదు. ఇక్కడ బయోమెడికల్ పీహెచ్‌డీలకు డిగ్రీ తర్వాత నేరుగా తీసుకుంటారు. నాలుగేళ్ల బీఫార్మసీ, బీటెక్ బయోటెక్నాలజీ, బీపీటీ (ఫిజియోథెరపీ), ఎంబీబీఎస్, ఏదున్నా అప్లై చేయొచ్చు. మూడేళ్ల బీఎస్సీని మాత్రం కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. పీహెచ్‌డీ ఆఫర్ లెటర్లో మామూలుగా ట్యూషన్ ఫీజు మాఫీ, ఏడాదికి ఇంత అని స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటాయి. ఎమ్మెస్‌కు చాలాచోట్ల ఇవేవీ ఉండవు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఫిజియాలజీ పేరుతో నడిచే ఏడాది ఎమ్మెస్‌లలో చాలావరకు, జార్జ్‌టౌన్, కేస్ వెస్టర్న్‌లలో ఉన్నవాటితో సహా, ఇక్కడి మెడికల్ స్కూల్లో సీటు కోసం ప్రొఫైల్ పెంచుకునే పిల్లలకు పెట్టినవి. వాళ్లకు పనికొస్తాయి. మనకో? చాలా మెడికల్ స్కూళ్లు విదేశీ విద్యార్థులను అసలు తీసుకోవు. ఎంబీబీఎస్ చేసినవాళ్లకు రెసిడెన్సీ (ఆసుపత్రిలో స్పెషాలిటీ శిక్షణ) కావాలంటే యూఎస్ఎంఎల్ఈ అనే ఇక్కడి డాక్టర్ లైసెన్సు పరీక్షలు రాయాల్సిందే, ఈ ఎమ్మెస్ దానికి బదులు కాదు.

గుంటూరు వైపు అమ్మాయి ఒకరు, బీఫార్మసీలో మంచి మార్కులు. కన్సల్టెన్సీ వాళ్ల మాట నమ్మి, ఇల్లు తాకట్టు పెట్టించి అలాంటి కోర్సులో చేరింది. అయిపోయాక వచ్చి, "అక్కా, రికమెండేషన్ లెటర్ ఎవర్ని అడగాలి?" అంది. ఏడాదంతా క్లాసులూ పరీక్షలే, పిపెట్ పట్టింది లేదు. ప్రొఫెసర్లకు ఆమె గ్రేడు తప్ప ఇంకేం తెలియదు. తర్వాత ఒక ల్యాబ్‌లో జీతం లేకుండా చేరి, ఎలుక గుండె నుంచి కణాలు విడదీయడం నేర్చుకుంది. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి కొట్టుకునే కణాలు మైక్రోస్కోపు కింద కనిపించాలి, చాలా రోజులు చచ్చినవే కనిపించేవి. పట్టు వదల్లేదు, పీహెచ్‌డీ సీటు తెచ్చుకుంది. సీటు తెచ్చిపెట్టింది ఆ ల్యాబ్ పనే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఎన్ఐఎన్ లాంటి పరిశోధన సంస్థలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరి ఉంటే అలాంటి ల్యాబ్ పని జీతం తీసుకుంటూ నేర్చుకునేది. వాళ్ల నాన్నగారు ఇంకా వడ్డీ కడుతున్నారు.

అపోహ: జీఆర్ఈ స్కోరే ప్రాణం. చాలా ప్రోగ్రాములు ఎప్పుడో తీసేశాయి.

అపోహ: ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, ఫిజియాలజీ ఒకటే. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ఎక్కువగా కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) డిపార్ట్‌మెంట్లలో ఉంటుంది. బీపీటీ వాళ్లు కోర్సుల లిస్టు చూసి అప్లై చేయండి.

అపోహ: ర్యాంకు చూసి ఎంచుకోవాలి. మీరు అయిదారేళ్లు గడపబోయేది ఒక్క ల్యాబ్‌లో. చాలాచోట్ల మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్ (కొన్ని వారాల చొప్పున పని) చేశాకే గైడ్‌ను ఎంచుకుంటారు. అందుకే మీకు నచ్చిన పని చేస్తూ, ఆ ఏడాది విద్యార్థులను తీసుకునే ల్యాబులు కనీసం మూడున్న చోటు వెతకండి. ల్యాబ్‌కు పరిశోధన నిధులు (గ్రాంటు) ఎప్పటిదాకా ఉన్నాయో ఇంటర్వ్యూలో అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

ఆఫర్ వచ్చాక కంగారుపడి వెంటనే సంతకం పెట్టకండి. స్టైపెండ్‌తో వచ్చే ఆఫర్లకు జవాబివ్వడానికి విద్యార్థికి ఏప్రిల్ 15 దాకా గడువిచ్చే ఒప్పందంలో ఇక్కడి చాలా యూనివర్సిటీలు ఉన్నాయి. ఈలోపు ఆ ల్యాబ్‌లో చదువుతున్న వాళ్లతో, వీలైతే మధ్యలో మానేసిన వాళ్లతో కూడా మాట్లాడండి.