డబ్బు పంపే ముందు బ్యాంకు ఆపితే: అపోహలు - వాస్తవాలు

పిన్ కొట్టబోతుండగా స్క్రీన్ మీద ఒక హెచ్చరిక వస్తుంది: ఈ నంబరు మీద అనుమానం ఉంది, చూసుకుని పంపండి. బ్రాంచిలోనైతే కౌంటరులో ఉన్నవాళ్లు అదే మాట అడుగుతారు. తిరుపతిలో చాలామంది దీన్ని బ్యాంకువాళ్ల సతాయింపు అనుకుని 'కంటిన్యూ' నొక్కేస్తున్నారు. ఆ తర్వాత వెళ్లిన డబ్బును వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో రోజూ చూస్తున్నాం కాబట్టి ఈ వివరాలు చెబుతున్నాం.

అపోహ: బ్యాంకు ఊరికే అనుమానిస్తుంది.

వాస్తవం: ఆ హెచ్చరిక వెనక ఆధారం ఉంటుంది. కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం (ఐ4సీ), సైబర్ మోసాల ఫిర్యాదుల్లో బయటపడిన ఖాతాలు, నంబర్లతో 2024 సెప్టెంబరులో అనుమానితుల రిజిస్ట్రీ తెచ్చింది. టెలికాం శాఖ 2025 మే నుంచి మోసాలతో ముడిపడిన మొబైల్ నంబర్లను ముప్పు స్థాయిని బట్టి మూడు తరగతులు చేసి బ్యాంకులకు, యూపీఐ యాప్‌లకు అందిస్తోంది. దాన్ని తమ వ్యవస్థల్లో కలుపుకోమని రిజర్వ్ బ్యాంకు ఆ ఏడాది జూన్ 30న బ్యాంకులకు చెప్పింది. ఇవి కాక ఖాతా నడక కూడా పట్టిస్తుంది. నెలకు ఐదారు వేలు కూడా తిరగని సేవింగ్స్ ఖాతాలో ఒకే మధ్యాహ్నం నాలుగు రాష్ట్రాల నుంచి ఇరవై జమలు పడి, పది నిమిషాల్లో అంతా ఖాళీ అయిందంటే అది సంసారం చేసుకునేవాళ్ల ఖాతా కాదు.

అపోహ: హెచ్చరిక రాలేదు కాబట్టి పంపేయవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది మునుగుతున్నది ఇక్కడే. మొదట మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేస్తేనే ఆ ఖాతా జాబితాకెక్కుతుంది. అంతవరకూ అది శుభ్రంగానే కనిపిస్తుంది.

కొండమీద గది, దర్శనం టికెట్ పేరుతో జరిగే మోసాలే చూడండి. నెట్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే క్యూఆర్ కోడ్ పంపుతారు. స్కాన్ చేస్తే ఎవరో ఒక మనిషి పేరు వస్తుంది. అక్కడే ఆగిపోండి. 300 రూపాయల టికెట్ అయినా, శ్రీవాణి ట్రస్టుకు ఇచ్చే 10,000 రూపాయల విరాళం అయినా, దేవస్థానానికి కట్టే డబ్బు ఒక వ్యక్తి సొంత ఖాతాకు వెళ్లదు. ఆన్‌లైన్‌లో అయితే దేవస్థానం సొంత సైట్‌లోనే కట్టాలి. ఆ సైట్ చిరునామా చివర 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' ఉండాలి. అనుమానం ఉంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆ ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ లేదా ఖాతా నంబరు కొట్టి, ఇంతకుముందు ఫిర్యాదులున్నాయేమో మీరే వెతకవచ్చు. అక్కడ ఏమీ దొరక్కపోయినా, మనిషి పేరు వచ్చిందన్న సంగతి మాత్రం మరవకండి.

అపోహ: పేరు సరిపోయింది, ఇక భయం లేదు.

వాస్తవం: ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో దానికి డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతుల్లో జమ జరిగేది ఖాతా నంబరును బట్టే. ఫారంలో మీరు రాసిన పేరును బట్టి కాదు. అందుకే రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్ 1 నాటికి పేరు చూపే సదుపాయం పెట్టమంది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇస్తే ఖాతాదారు పేరు కనిపిస్తుంది. దీనికి రుసుము లేదు, బ్రాంచిలో కూడా అడిగి చూపించుకోవచ్చు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు, బెల్లం వ్యాపారం చేసేవాళ్లకు ఇది చాలా అవసరం. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై దీనికి పంపండి' అని పాత పార్టీ పేరుతో మెయిల్ వస్తుంది. పేరు చూస్తే కంపెనీకి బదులు ఎవరో వ్యక్తి ఉంటాడు. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉండటం, పేరు సగంలో తెగడం మామూలే. మనిషే మారిపోతే మాత్రం మెయిల్‌కు జవాబివ్వకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. అయితే కమీషన్ తీసుకుని మోసగాళ్లకు అద్దెకిచ్చిన ఖాతాకు కూడా నిజమైన మనిషి, నిజమైన పేరు ఉంటాయి. పేరు కలిసిందంటే ఖాతా ఆ పేరున ఉందని మాత్రమే అర్థం. ముందు ఒక్క రూపాయి పంపి చూసినా తెలిసేది అంతే.

అపోహ: ఎందుకు పంపుతున్నామో బ్యాంకుకు చెప్పనవసరం లేదు.

వాస్తవం: సీబీఐ అనో, పోలీసులనో వీడియో కాల్‌లో బెదిరించేవాళ్లు డబ్బుతో పాటు ఒక అబద్ధం కూడా నేర్పి పంపుతారు: 'బ్యాంకులో అడిగితే ఇంటి స్థలం కొంటున్నామని చెప్పండి.' బ్యాంకులో నిజం దాచమని చెప్పారంటే అది మోసమే, ఇక వేరే రుజువు అక్కర్లేదు. ఇలా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామనే 'డిజిటల్ అరెస్ట్' మన చట్టంలో ఎక్కడా లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయడానికి వచ్చిన పెద్దవాళ్లను 'ఎవరికి పంపుతున్నారు, ఎన్నాళ్లుగా తెలుసు, ఇప్పుడు ఫోన్ లైన్‌లో ఎవరైనా ఉన్నారా' అని అడిగేది అందుకే. దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసివ్వండి.

అపోహ: పొరపాటున పంపినా బ్యాంకు వెనక్కి తెప్పిస్తుంది.

వాస్తవం: యూపీఐ, ఐఎంపీఎస్ క్షణాల్లో జమవుతాయి. నెఫ్ట్ అరగంటకొక విడతగా వెళ్తుంది. జమయ్యాక అవతలి ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను వెనక్కి తీసుకునే వీలు లేదు. మోసం అని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్రాంచి తెరిచేదాకా ఆగొద్దు. మొత్తం, సమయం, లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకోండి. యూపీఐకి 12 అంకెలు, నెఫ్ట్‌కు 16, ఆర్‌టీజీఎస్‌కు 22 అక్షరాలు ఉంటాయి. అవతలి ఖాతాలో అప్పటికి మిగిలినంత వరకే నిలిపివేయగలరు. అందుకే ఆలస్యమైన కొద్దీ దొరికేది తగ్గుతుంది. మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీది కాదని 2017లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన మీకు తెలియకుండా జరిగిన లావాదేవీల కోసం పెట్టినది. మీరే పిన్ కొట్టి పంపిన డబ్బుకు దాన్ని నమ్ముకోకండి.

అపోహ: కమీషన్ తీసుకుని ఖాతా ఇస్తే మనకేం కాదు.

వాస్తవం: హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చి రెండు మూడు వేలు తీసుకుంటే, కేసులో మొదట దొరికే పేరు మీదే. ఖాతా స్తంభిస్తుంది, అందులోని స్కాలర్‌షిప్ డబ్బు కూడా చిక్కుకుంటుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే కార్డు బ్లాక్ చేయించండి, సిమ్ ఆపించండి, ఎవరికి ఎప్పుడు ఇచ్చారో తేదీలతో రాసి బ్రాంచిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ కాపీతో పోలీసు స్టేషన్‌కు వెళ్లండి.