కామర్స్, ఎకనామిక్స్ క్లాసుకు మెటీరియల్: అపోహలు - వాస్తవాలు

జూన్ రాగానే సీఈసీ, ఎంఈసీ (ఇంటర్ కామర్స్ గ్రూపులు) చెప్పే లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే అభ్యర్థన: "మెటీరియల్ ఉంటే పెట్టండి సార్". సాయంత్రానికల్లా పీడీఎఫ్‌లు కుప్పపడతాయి. ఏది ఏ సంవత్సరానిదో అడిగేవారుండరు. మెటీరియల్‌కు కొరత లేదు, దాని మీద తేదీకే కరువు.

అపోహ: సూత్రాలు మారవు కదా, పాత నోట్స్ అయినా ఫర్వాలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. డిమాండ్ సూత్రం మారదు. డెబిట్, క్రెడిట్ నియమాలూ మారవు. కానీ పర్సనల్ ఫైనాన్స్, బిజినెస్ పాఠాల్లో ఉండేవి చాలావరకు చట్టాలు, పరిమితులు, రేట్లు. అవి మారుతూనే ఉంటాయి. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు లక్ష రూపాయల వరకే బీమా అని పాత నోట్స్‌లో ఉంటుంది. పిల్లవాడు అదే ఇంట్లో చెబుతాడు. అంతకుమించి బ్యాంకులో పెడితే ప్రమాదమని పెద్దవాళ్లు మిగతా డబ్బు వడ్డీకి తిప్పుతారు. ఆ పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. అదీ ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు, అన్ని బ్రాంచీల ఖాతాలూ కలిపి, అసలూ వడ్డీ కలిపి. అసలు 4,80,000, వడ్డీ 30,000 ఉంటే మొత్తం 5,10,000. బీమా కింద వచ్చేది 5,00,000 మాత్రమే. ఈ లెక్క బోర్డు మీద వేస్తే ఒక పీరియడ్ చక్కగా గడుస్తుంది.

చేతికొచ్చిన ఫైల్ ఏనాటిదో తేల్చడానికి మొత్తం చదవక్కర్లేదు. నాలుగు చోట్ల చూస్తే చాలు. మొదటిది పైన చెప్పిన డిపాజిట్ బీమా.

రెండోది సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల నిర్వచనం. ఇది ఫైల్ వయసు దాదాపు కచ్చితంగా చెప్పేస్తుంది. తయారీ రంగంలో సూక్ష్మ సంస్థ అంటే ప్లాంటు, యంత్రాల మీద 25 లక్షల వరకు పెట్టుబడి అని ఉంటే అది 2006 చట్టం నాటి మాట. పెట్టుబడి కోటి, టర్నోవర్ 5 కోట్లు అని ఉంటే 2020 జూలై 1 తర్వాతిది. రెండున్నర కోట్లు, 10 కోట్లు అని ఉంటేనే 2025 ఏప్రిల్ 1 తర్వాత దిద్దినది. ఇప్పుడు చిన్న సంస్థకు 25 కోట్లు, 100 కోట్లు. మధ్య తరహాకు 125 కోట్లు, 500 కోట్లు.

మూడోది జీఎస్టీ. 5, 12, 18, 28 అని నాలుగు శ్లాబులు కనిపిస్తే 2025 సెప్టెంబర్ 22కు ముందుది. ఆ రోజు నుంచి ప్రధానంగా 5, 18, ఎంపిక చేసిన కొన్ని వస్తువులకు 40. వ్యాట్, ఎక్సైజ్ మీద పెద్ద పట్టికలుంటే 2017 జూలై 1కి ముందుది, దాన్ని దించుకోనే వద్దు. నాలుగోది జాతీయ బ్యాంకుల జాబితా. ఆంధ్రా బ్యాంకు ఇంకా అందులో ఉందంటే 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిన సంగతి ఆ నోట్స్‌కు తెలియదన్నమాట. మన జిల్లాల్లో ఆ పేరుకున్న అభిమానం వేరే విషయం, పరీక్ష పేపరు దిద్దేవారికి అది పట్టదు.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో వెతుకులాట పనిచేయదు. అలాంటప్పుడు నేరుగా చిన్న తరహా పరిశ్రమల అధ్యాయానికి వెళ్లండి.

పాత ఫైల్‌ను పారేయక్కర్లేదు. వివరణ, ఉదాహరణలు ఉంచుకోండి, అంకెలన్నీ ఒక కాగితం మీదికి తీయండి. నాలుగు గడులు: అంశం, ఇప్పటి విలువ, అమల్లోకి వచ్చిన తేదీ, ఎక్కడ చూశారు. చివరి గడి ఖాళీగా ఉన్న అంకె క్లాసులోకి వెళ్లకూడదు. డిపాజిట్ బీమాకు డీఐసీజీసీ వెబ్‌సైట్, సంస్థల నిర్వచనానికి ఉద్యమ్ పోర్టల్, పన్నులకు ఆయా శాఖల సైట్లు చూడాలి. బడ్జెట్ వచ్చాక ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో మరోసారి ఆ కాగితం దిద్దాలి; జీఎస్టీ రేట్లు మారితే వెంటనే. ఆదాయపు పన్ను పాఠానికి ఇది మరీ ముఖ్యం. 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు; 'ప్రీవియస్ ఇయర్', 'అసెస్‌మెంట్ ఇయర్' రెండింటి స్థానంలోకి 'ట్యాక్స్ ఇయర్' వచ్చింది.

"పాఠ్యపుస్తకంలో పాత అంకె ఉంది, పరీక్షలో ఏది రాయాలి?" అని పిల్లలు కంగారు పడతారు, అందులో తప్పు లేదు. సిలబస్ పుస్తకంలోని అంకెను దాని సంవత్సరంతో సహా రాయించండి, పక్కనే ఇప్పటిది తేదీతో ఒక వాక్యం చేర్పించండి. తేదీ ఉంటే రెండూ నిజాలే. పుస్తకం తప్పని క్లాసులో వెక్కిరించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: విదేశీ వర్క్‌షీట్లు బాగుంటాయి, డాలర్ తీసి రూపాయి పెడితే సరిపోతుంది.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ అమెరికా షీట్‌లో ఉండేది 401కే అనే రిటైర్మెంట్ పొదుపు, సేల్స్ ట్యాక్స్, రెండున్నర లక్షల డాలర్ల డిపాజిట్ బీమా. గుర్తు మార్చినంత మాత్రాన అవి ఈపీఎఫ్, జీఎస్టీ అయిపోవు. పైగా మన పిల్లలు ఇంట్లో వినేవి చీటీలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ షీట్లలో వీటి ఊసే ఉండదు. "నూటికి రెండు" అంటే నెలకు, ఏడాదికి 24 శాతం అని చాలామంది పిల్లలు లెక్క కట్టి ఉండరు. చీటీ లెక్క ఇంకా మంచి పాఠం: 20 మంది, నెలకు 5,000, చీటీ మొత్తం లక్ష. ఒకరు 20,000 తగ్గించి పాడుకుంటే వారికి 80,000 వస్తాయి. ఆ 20,000లోంచి, చీటీ మొత్తం మీద 5 శాతం కమిషన్ కింద 5,000 పోతే మిగిలిన 15,000 ఇరవై మందికీ పంచుతారు, తలా 750. ఆ నెల కట్టాల్సింది 4,250. ఇది అర్థమయ్యాక తొలి నెలల్లో పాడినవారు అప్పు తీసుకున్నట్టు, చివరి వరకు ఆగినవారు పొదుపు చేసినట్టు ఎందుకో పిల్లలే చెబుతారు. పాట మరీ దిగువకు పోతే ఏమవుతుందో కూడా వేయించండి.

అపోహ: తెలుగులో ఏమీ లేదు. ఉంది. ఆర్‌బీఐ ఆర్థిక అక్షరాస్యత పేజీలో 'ఫేమ్' (ఆర్థిక అవగాహన సందేశాలు) పుస్తకం తెలుగులోనూ ఉంది. 6 నుంచి 10 తరగతులకు ఎన్‌సీఎఫ్‌ఈ (జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం) వర్క్‌బుక్‌లున్నాయి; ఏ భాషలో దొరికినా అభ్యాసాలు తీసుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. బడ్జెట్ మర్నాడు 'రూపాయి రాక, పోక' బొమ్మ తెలుగు పేపర్లలో వస్తుంది, కత్తిరించి దాచండి. రెండు రాష్ట్రాలూ ఏటా బడ్జెట్ వేళ ఇచ్చే సామాజిక, ఆర్థిక నివేదికలు జిల్లా స్థాయి లెక్కలకు బంగారం.

అపోహ: ట్రేడింగ్ వీడియోలు, స్టాక్ గేమ్‌లు చూపిస్తే ఫైనాన్స్ వచ్చేస్తుంది. వీడియో చివర ఏం చేయమంటున్నారో ముందు చూడండి. డీమ్యాట్ ఖాతా లింకు ఇస్తే అది ప్రకటన, క్లాసులో వద్దు. నాలుగు వారాల గేమ్‌లో గెలిచేది ఎక్కువగా అదృష్టమే. ఆడించాలనుకుంటే లాభానికి మార్కులు వేయకండి. ప్రతి కొనుగోలుకు ముందు రాసిన కారణానికి వేయండి.

అపోహ: ప్రొజెక్టర్, ల్యాబ్ లేకపోతే కుదరదు. కిరాణా బిల్లు తెప్పించండి, అందులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సగం సగం ఉంటాయి. కరెంటు బిల్లులో శ్లాబులుంటాయి. ఆదాయపు పన్ను శ్లాబు దాటితే మొత్తం మీద ఎక్కువ రేటు పడుతుందన్న భయం పోగొట్టడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయితే కొన్ని సర్వీసుల్లో నెలవారీ యూనిట్లను బట్టి కేటగిరీయే మారిపోతుంది, అలాంటి బిల్లు తీసుకుంటే పాఠం తిరగబడుతుంది, ముందే ఏరిపెట్టుకోండి. పాస్‌బుక్, చెక్కు మాత్రం పిల్లల ఇళ్ల నుంచి తెప్పించవద్దు. బ్యాంకు నుంచి ఖాళీ డిపాజిట్ స్లిప్పులు అడిగి తెచ్చుకోండి. సొంత చెక్కు చూపించాలంటే ఖాతా నంబరు, అడుగున ఉండే ఎంఐసీఆర్ అంకెల వరుస, సంతకం కప్పి జిరాక్స్ తీయండి, అసలుది క్లాసుకు తేవద్దు. ఫోన్లతో ఫొటోలు తీస్తారు, అవి ఏ గ్రూపుకు చేరతాయో చెప్పలేం.